మంత్రి గారికి బహిరంగ లేఖ: మా పిల్లల ప్రయాణాన్ని విహారయాత్ర అనకండి

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

నమస్కారములు. ఇది నేను మీకు రాస్తున్న నాలుగవ లేఖ. మొదటి మూడింటినీ స్వయంగా మీ కార్యాలయానికి తెచ్చి ఇచ్చి, నకళ్ళమీద ముద్ర వేయించుకుని దాచుకున్నాను. రెండుసార్లు సోమవారం గ్రీవెన్సులో వరుసలో నిలబడి అర్జీ కూడా పెట్టుకున్నాను. వీటన్నిటికీ కలిపి నాకు వచ్చిన జవాబు "పరిశీలనలో ఉన్నది" అని ఫోనుకు వచ్చిన ఒక్క సందేశం మాత్రమే. ఆ పరిశీలన ఎవరి బల్లమీద జరుగుతున్నదో, ఎప్పటికి పూర్తవుతుందో అడిగితే చెప్పేవారు దొరకలేదు. అందువల్లనే ఈసారి నలుగురి ముందూ రాస్తున్నాను. మీమీద గౌరవం తగ్గి రాస్తున్నది కాదు, గడువు దగ్గరపడి రాస్తున్నది.

విషయం మీకు తెలియనిది కాదు. గత బాలల దినోత్సవం నాడు మీరు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని మా ప్రభుత్వ పాఠశాలకు వచ్చారు. జీడితోటల పక్కనున్న ఇసుక మైదానంలో మా ఆడపిల్లల రగ్బీ సెవెన్స్ (జట్టుకు ఏడుగురు చొప్పున ఆడే రగ్బీ) ఆట చూశారు. ఏడు నిమిషాల చొప్పున రెండు భాగాలే గదా అని కూర్చున్నవారు, అది అయిపోయాక ఇంకో ఆట ఆడించమని అడిగి మరీ చూశారు. వేదికమీద కోడి రామ్మూర్తి నాయుడు గారినీ, సిడ్నీలో 2000లో పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి గారినీ తలచుకున్నారు. దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరపు పాఠశాల ఒకటి మా పిల్లలను ఆడడానికి పిలిచిందని ప్రధానోపాధ్యాయులు చెప్పగానే, పన్నెండు మంది పిల్లలకూ వెంట వెళ్ళే ముగ్గురికీ విమాన ఛార్జీలు ప్రభుత్వమే భరిస్తుందని మైకులో ప్రకటించారు. "ఆడి రండి, సింహాలను కూడా చూసి రండి" అన్నది మీ నోటి మాటే. ఆ మాటకు పిల్లలు కొట్టిన చప్పట్లు నాకింకా వినబడుతున్నాయి.

అదే సింహాల మాట ఇప్పుడు మా ఫైలుకు అడ్డం పడింది.

మార్చి నెలలో రాజధాని నుంచి మా ఫైలు తిరిగివచ్చింది. కార్యక్రమంలో వన్యప్రాణుల సందర్శన, సాంస్కృతిక స్థలాల సందర్శన ఉన్నందున దీనిని క్రీడా పర్యటనగా పరిగణించ వీలులేదనీ, ఇది విహారయాత్ర స్వభావం కలిగి ఉన్నదనీ అందులో రాసి ఉంది. ఆ కార్యక్రమ పత్రం మీరు వేదికమీద చేతిలో పట్టుకుని చదివినదే. అందులో ఒక్క అక్షరం మారలేదు. మారినదేమిటో తెలియక ఆ వాక్యాన్ని నేను పదేపదే చదువుకున్నాను.

దయచేసి ఆ పత్రాన్ని మరొక్కసారి తెప్పించుకుని చూడండి. పదకొండు రోజులలో నాలుగు రోజులు ఆటలు, రెండు రోజులు అక్కడి పిల్లలతో కలిసి సాధన, రెండు రోజులు రాకపోకలు. తక్కిన మూడు రోజులే ఈ సందర్శనలు. అవి ఆటకూ ఆటకూ మధ్య పడిన రోజులు. పరుగెత్తి వచ్చే మనిషిని నడుముకు చేతులు చుట్టి నేలకు పడగొట్టే ఆట ఇది. పదహారేళ్ళ పిల్లను రోజు విడిచి రోజైనా విశ్రాంతి ఇవ్వకుండా ఈ ఆట ఆడించడం ఏ శిక్షకుడికీ తగదు. ఆ విశ్రాంతి రోజున పిల్ల గదిలో పడుకున్నా విమానం టిక్కెట్టు ధర అంతే, ఖడ్గమృగాన్ని చూసివచ్చినా అంతే. బస, భోజనం, బస్సు, ప్రవేశ రుసుము అన్నీ పిలిచినవారివే. మా పిల్లలను వాళ్ళ విద్యార్థుల ఇళ్ళలోనే ఉంచుకుంటామన్నారు. రగ్బీ ఆడే దేశాలలో బడి జట్లు ఒకరి ఊరికి ఒకరు వెళ్ళినప్పుడు పాటించే పద్ధతి ఇది. వచ్చిన అతిథికి తమ అడవినీ, తమ చరిత్రనూ చూపించి పంపడం కూడా ఆ మర్యాదలో భాగమే. మన ఇంటికి చుట్టం వస్తే అరసవల్లి తీసుకెళ్ళి దర్శనం చేయించకుండా పంపుతామా?

ఇక ఆ మూడు రోజులలో వాళ్ళు చూడబోయేదేమిటో చెప్పనివ్వండి.

ఒక రోజు డర్బన్‌కు ఉత్తరాన సుమారు 280 కిలోమీటర్ల దూరంలోని హ్లూహ్లూవే–ఇమ్ఫొలోజీ అభయారణ్యం. ఒకప్పుడు జూలూ రాజుల వేటభూమి. 1895లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఆఫ్రికాలోని అతి పురాతన అభయారణ్యాలలో ఇది ఒకటి. దక్షిణాది తెల్ల ఖడ్గమృగాలు వేటకు బలై, ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళకు కొద్దిపాటిగా ఈ ఒక్క ప్రాంతంలోనే మిగిలాయి. వాటిని కాపాడి, సంఖ్య పెంచి, 1960లలో ఇతర అడవులకూ ఇతర దేశాలకూ తరలించి జాతిని నిలబెట్టారు. ఇంకొక రోజు సెయింట్ లూసియా చిత్తడి నేలలు. 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ప్రాంతమది. నీటి ఏనుగులు, మొసళ్ళు, పెలికాన్లు అక్కడ ఉంటాయి. ఆ తీరపు ఇసుకలో సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెడతాయి.

ఇది వింటే మా పిల్లలకు ఏమి గుర్తు వస్తుందో ఈ జిల్లాలో తిరిగిన మీకు చెప్పనక్కరలేదు. తేలినీలాపురం చింతచెట్లమీద పెలికాన్లు గూళ్ళు కట్టడం వాళ్ళు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నారు. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరానికీ వచ్చి గుడ్లు పెడతాయి. జట్టులో ఒక పిల్ల తండ్రి ఆ గుడ్లను జాగ్రత్త చేసి, పుట్టిన తాబేలు పిల్లలను సముద్రంలో విడిచే పనికి ప్రతి ఏడూ వెళ్తాడు. "అక్కడి తాబేళ్ళకూ మా నాన్నలాంటి వాళ్ళు ఉంటారా మాస్టారూ?" అని ఆ పిల్ల నన్ను అడిగింది. ఈ ప్రశ్న వేసిన పిల్ల విహారానికి వెళ్తున్నదని నేను అనుకోలేను.

మూడవ రోజు గురించి ఇంకా ఎక్కువ చెప్పాలి. ఫైలుమీద రాసినవారు "సాంస్కృతిక స్థలాలు" అన్న మాటను ఎందుకు తేలికగా తీసుకున్నారో నాకు అర్థం కాలేదు. 1860 అక్టోబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు రేవు నుంచి బయలుదేరి, నవంబరు 16న 342 మంది కూలీలతో డర్బన్ చేరింది. తరువాత 1911 వరకు ఓడలు పోతూనే ఉన్నాయి. లక్షా యాభై వేల మందికి పైగా అలా డర్బన్ ఉన్న నాటాల్ ప్రాంతపు చెరకుతోటలకు ఒప్పందపు కూలీలుగా వెళ్ళారు. వాళ్ళలో గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువారు ఎందరో ఉన్నారు. అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాలంటే ఈనాటి మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెలే గదా. నాయుడు అన్న పేరు అక్కడ నాయ్‌డూ అయింది. 1931లోనే వాళ్ళు ఆంధ్ర మహాసభను పెట్టుకుని భాషనూ పండుగలనూ నిలుపుకున్నారు. మా పిల్లలు ఆ రోజు చూడబోయేది ఆ వలసకూలీల చరిత్రను భద్రపరచిన ప్రదర్శనశాలను. మధ్యాహ్నం అక్కడి తెలుగు కుటుంబాలతో భోజనం. సాయంత్రం పీటర్‌మారిట్జ్‌బర్గ్ రైల్వేస్టేషను. 1893 జూన్ 7 రాత్రి గాంధీ గారిని రైలులోనుంచి తోసివేసిన స్టేషను అది.

మనది వలసల జిల్లా అంటారు. ఒకప్పుడు రంగూను పోయారు, తరువాత మద్రాసు, హైదరాబాదు, ఇప్పుడు గల్ఫు దేశాలు. మా జట్టులో ఇంట్లో ఒక్కరైనా వలసపోని పిల్ల లేదు. ఊరు విడిచి దూరం వెళ్ళడమంటే పనికి వెళ్ళడమేనని వాళ్ళు నమ్మి పెరిగారు. నూట అరవై ఏళ్ళ కిందట మన ఊళ్ళనుంచి కూలికి పోయినవారి మునిమనుమలను, మన ఊళ్ళనుంచి ఆటకు పోయిన పిల్లలు కలుసుకోబోతున్నారు. దీనికి విహారయాత్ర అన్న పేరు పెట్టవద్దని చేతులు జోడించి వేడుకుంటున్నాను.

మీ మాట నమ్మి ఈ కుటుంబాలు ఎంత పడ్డాయో కూడా మీకు తెలియాలి. నవంబరులో మీరు ప్రకటించగానే పాస్‌పోర్టులకు పరుగులు మొదలయ్యాయి. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, జనన ధ్రువపత్రంలో చివర, బడి రికార్డులో తల్లి పేరు ఇంకొకటి. ఒక్కొక్క అక్షరం సరిచేయడానికి ఒక్కొక్క కార్యాలయం. పిల్లల దరఖాస్తుకు తల్లిదండ్రులిద్దరి సంతకాలూ ఉండాలి. నలుగురి తండ్రులు గుజరాత్‌లో వెరావల్ రేవున చేపల పడవలమీద ఉన్నారు. ఆ పడవలమీద వెళ్ళిన మన జిల్లా మత్స్యకారులు 2018లో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గాని ఇల్లు చేరలేదన్నది మీకు తెలిసినదే. పడవ వేటకు వెళ్తే రోజుల తరబడి మాట ఉండదు. అది ఒడ్డుకు వచ్చేవరకు కనిపెట్టుకుని ఉండి, కాగితాలు పోస్టులో పంపి, సంతకాలు చేయించి తెప్పించాము. ఒక తండ్రి సంతకం కోసమే వేటకు వెళ్ళకుండా ఒడ్డున ఉండిపోయి కూలి పోగొట్టుకున్నాడు. జీడిపరిశ్రమలో పిక్కలు కొట్టే తల్లులు విశాఖపట్నం వెళ్ళిరావడానికి రెండేసి రోజులు పని మానుకున్నారు. జీడినూనె తగిలి నల్లబడిన ఆ వేళ్ళతో ఒక తల్లి పాస్‌పోర్టు రుసుము వెయ్యి రూపాయలు నా చేతిలో లెక్కపెట్టింది. అది నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బని తరువాత తెలిసింది. మరొక పిల్ల తండ్రికి వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆ ఇంట్లో ప్రయాణానికి పెట్టె కొనలేదు, సంచి కుట్టించారు.

పన్నెండు పాస్‌పోర్టులూ ఇప్పుడు నా బీరువాలో ఉన్నాయి. వీసా దరఖాస్తుకు ఖర్చు ఎవరు భరిస్తారో చూపే కాగితం కావాలి. ఆ కాగితం మీరిచ్చే మంజూరు ఉత్తర్వే. అది లేక అంతా అక్కడే ఆగింది.

పర్యటన వచ్చే ఏటికి వాయిదా వేసుకోవచ్చు గదా అని మీ కార్యాలయంలో ఒకరు సలహా ఇచ్చారు. మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. కాని మాకు వేసవి సెలవులైన మే నెలలో వాళ్ళకు రగ్బీ కాలం. ఈ రెండూ కలిసే వారాలు ఏడాదికి ఒక్కసారే వస్తాయి. జట్టులో అయిదుగురు ఈ ఏడు పదవ తరగతి పరీక్షలు రాశారు. జూన్ వస్తే వాళ్ళు ఈ బడి పిల్లలు కారు. ఇద్దరికి ఇళ్ళల్లో అప్పుడే సంబంధాల మాట వినబడుతున్నది. మే నెలలో విమానం ఎక్కుతుందన్న ఒక్క కారణంతోనే ఆ మాటను పక్కన పెట్టించగలిగాము. వచ్చే ఏడు అంటే వేరే పిల్లలు. ఈ పిల్లలకు వచ్చే ఏడు లేదు.

మన పొరుగున భువనేశ్వర్‌లో కిస్ (కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) విద్యాసంస్థ గిరిజన బాలలు 2007లో లండన్ వెళ్ళి, పద్నాలుగేళ్ళలోపు బాలల అంతర్జాతీయ రగ్బీ పోటీలో గెలిచి వచ్చారు. వాళ్ళను పంపినవారికి నమ్మకం ఉంది, వెళ్ళినవాళ్ళకు ఆట వచ్చు. ఆట మా పిల్లలకూ వచ్చు. చెడుగుడులో పట్టు పట్టడం నేర్చిన చేతులు వాళ్ళవి. ఇసుకలో పరుగెత్తిన కాళ్ళు పచ్చికమీద ఎంత వేగంగా పోతాయో చూడాలని నాకు ఆశగా ఉంది. ప్రపంచ కప్పును నాలుగుసార్లు గెలిచిన దేశంలో వాళ్ళు గెలుస్తారని నేను మాట ఇవ్వలేను. తలవంచుకుని మాత్రం రారు.

డర్బన్ పాఠశాలవారు ఈ నెల 25వ తేదీలోగా ఖాయం చేయమని రాశారు. ఇది వాళ్ళు ఇచ్చిన రెండవ గడువు, మూడవది ఉండదని మర్యాదగానే చెప్పారు. కనుక ఈ నెల 20లోగా మంజూరు ఉత్తర్వు ఇప్పించండి. అడవినీ, ప్రదర్శనశాలనూ తీసివేసి కొత్త కార్యక్రమం పంపితే ఫైలు కదులుతుందని ఒక సలహా వచ్చింది. నేను అలా చేయలేను. పిల్లలకు చెప్పినదీ, అక్కడివారు ఏర్పాటు చేసినదీ కాగితంమీద లేనట్లు రాసి సంతకం పెట్టడం ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో నేను చేయని పని. ఒకవేళ డబ్బు ఇవ్వడం సాధ్యం కాకపోతే, కాదన్న మాటనైనా రాసి ఇప్పించండి. ఆ ఒక్క వాక్యం ఉంటే ఊరూరా తిరిగి చందాలు పోగుచేయడానికి నాకు ఇంకా కొన్ని రోజులు మిగులుతాయి. అవుననీ కాదనీ చెప్పని ఈ మౌనంవల్ల మేము చందాలూ అడగలేకపోతున్నాము, ఎందుకంటే ప్రభుత్వం ఇస్తానన్నది గదా అని ప్రతివారూ అంటున్నారు.

సాధన ఇంకా ఆగలేదు. ఉదయం అయిదున్నరకే పన్నెండు మందీ మైదానానికి వస్తున్నారు. మొదట్లో రోజూ "జీవో వచ్చిందా మాస్టారూ?" అని అడిగేవారు. పది రోజులుగా అడగడం మానేశారు. నన్ను ఇబ్బంది పెట్టకూడదని తమలో తాము అనుకున్నారట.

మీరు పది నిమిషాల సమయం ఇస్తే కాగితాలన్నీ తీసుకుని నేను ఒక్కడినే వస్తాను. ఏ రోజైనా, ఏ వేళకైనా సరే.

ఇట్లు
విధేయుడు,
పదవీ విరమణ చేసిన వ్యాయామోపాధ్యాయుడు, బాలికల రగ్బీ జట్టు శిక్షకుడు,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా.