చప్పట్లు మనవి, పాట వేదికది

సంపాదకులకు నమస్కారం.

మ్యూజికల్స్ అని పిలిచే పాశ్చాత్య సంగీత నాటకాలకు వెళ్లినప్పుడు ప్రేక్షకులు ఎలా మెలగాలన్న విషయంపై మీ పత్రికలో కొంతకాలంగా వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. టికెట్ కొన్నవారికి తమకు వచ్చిన పాట గొంతెత్తి పాడుకునే హక్కు ఉందని కొందరు రాశారు. నవ్వూ చప్పట్లూ కూడా క్రమశిక్షణా రాహిత్యమేనని మరికొందరు రాశారు. ఈ నాటకాలను ఎంతో ఇష్టంగా చూసే నాకు రెండు వాదాలూ మింగుడు పడలేదు. వేదిక మీద ఏం జరుగుతోందో ఇద్దరూ పట్టించుకోవడం లేదు.

ముందు చప్పట్ల సంగతి. సంగీత నాటకం రాసేటప్పుడే ప్రేక్షకుల స్పందనకు చోటు వదిలిపెడతారు. పాట చివర వాద్యబృందం బిగించి వదిలే ఆ ఆఖరి స్వరం చప్పట్లను పిలవడానికే ఉంది. చప్పట్లు ఎంతసేపు సాగుతాయో గమనించి, వాద్యబృందాన్ని నడిపే కండక్టర్ తర్వాతి ఘట్టం అందుకుంటాడు. నవ్వు వల్ల సంభాషణ ఆగితే, నటులు మళ్లీ అందుకునేవరకు కొద్దిపాటి సంగీతాన్ని తిప్పి తిప్పి వాయించే ఏర్పాటు కూడా చాలా నాటకాల్లో ఉంటుంది. నవ్వు ఎక్కడ తగ్గుముఖం పడుతుందో కనిపెట్టి మాట అందుకోవడం నటుల విద్యలో పెద్ద భాగం. నవ్విన పక్కసీటు మనిషిని ఉరిమి చూసేవారు నాటకానికి మేలు చేయడం లేదు. హాలు బిగుసుకుపోతే నటులకు వెంటనే తెలుస్తుంది. అయితే కొన్ని పాటలకు ముగింపు స్వరం కావాలనే పెట్టరు. పాట నేరుగా మాటలోకి జారిపోతుంది. అక్కడ ఆగడం కూడా మనకు తెలియాలి. చెవి పెట్టి వింటే సంగీతమే చెబుతుంది.

గొంతు కలపడం వేరే విషయం. 2023 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ ప్యాలెస్ థియేటర్‌లో ‘ది బాడీగార్డ్’ అనే సంగీత నాటక ప్రదర్శన పతాక సన్నివేశానికి చేరింది. కథానాయిక పాడవలసిన పాటను ప్రేక్షకుల్లో కొందరు ఆమెను మించిన గొంతుతో అందుకున్నారు. సిబ్బంది చెప్పినా వినలేదు, గొడవ పెరిగింది, పోలీసులు రావలసి వచ్చింది. ప్రదర్శనను ముగింపుకు ముందే ఆపేశారు. ఆ రాత్రి నోరు మెదపకుండా కూర్చున్నవారే ఎక్కువ మంది. ముగింపు చూడకుండా ఇంటికి వెళ్లింది వాళ్లే.

గొడవ జరగకపోయినా నష్టం జరుగుతుంది. మనకు కంఠస్థమైన పాట రికార్డింగులోది. దాని నడక ఒక్కటే, ఎన్నిసార్లు విన్నా మారదు. వేదిక మీది గాయని అలా పాడదు. ఆ రాత్రి ఎదుటి నటుడు మాట అన్న తీరును బట్టి ఒక పదం దగ్గర ఆగుతుంది, ఒక స్వరాన్ని సాగదీస్తుంది, ఒక చరణాన్ని దాదాపు మాటలా పలుకుతుంది. కండక్టర్ ఆమె ఊపిరిని చూస్తూ వాద్యబృందాన్ని నడిపిస్తాడు. వందమంది రికార్డింగు నడకలో పాడుతుంటే ఆమె ఇక ఎక్కడ ఆగగలదు? మనం వెళ్లిందే ఆ రాత్రి ఆమె ఎలా పాడుతుందో వినడానికి.

కలిసి పాడాలన్న కోరికను నేను తప్పుపట్టను. అది ప్రేమలోంచే పుడుతుంది. దానికోసం ప్రత్యేక ప్రదర్శనలు పెట్టవచ్చు, కొన్ని నాటకాలు చివరి వందనం తర్వాత అందరినీ లేచి పాడమని పిలుస్తాయి కూడా. నాకు కోపం వచ్చేది నిర్వాహకుల మీద. ‘లేచి నాట్యం చేయండి, ఇది పండగ’ అని ప్రకటనలు వేసేది వాళ్లే, ప్రదర్శనకు ముందూ విరామంలోనూ మద్యం అమ్మేది వాళ్లే. తీరా ప్రేక్షకుడు ఆ మాట నమ్మి లేచి నిలబడితే, సర్దిచెప్పే భారం సీట్లు చూపించే చిన్న ఉద్యోగి మీద పడుతుంది. తిట్లు తినేదీ ఆ ఉద్యోగే. మాంచెస్టర్ ఘటన జరిగిన సంవత్సరంలోనే స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో ప్లేహౌస్ థియేటర్ నిర్వాహకులు ఇలాంటి ప్రకటనల వాక్యాలు మానుకోవాలని బహిరంగంగా చెప్పారు. ఆ మాట అన్ని థియేటర్లూ వినాలి.

నిశ్శబ్దం అనాది నుంచి వస్తున్న ఆచారమనీ, దాన్ని ఈ తరం పాడుచేస్తోందనీ ఒక ఉత్తరంలో చదివాను. చరిత్ర అలా లేదు. చాలాకాలం నాటకశాలల్లో ప్రేక్షకులు కూర్చునే భాగం కూడా వెలుగులోనే ఉండేది. జనం ఒకరినొకరు చూసుకునేవారు, మాట్లాడుకునేవారు, నచ్చిన పాట మళ్లీ పాడించుకునేవారు. 1876లో జర్మనీలోని బైరాయిట్‌లో సంగీతకర్త వాగ్నర్ తన నాటకశాలలో ప్రేక్షకుల వైపు దీపాలు తగ్గించడం, లండన్‌లోని సవాయ్ థియేటర్ 1881లో పూర్తిగా విద్యుద్దీపాలకు మారడం వంటి మార్పులతోనే చూపు వేదిక మీద నిలిచే అలవాటు బలపడింది. ఇది మనుషులు ఏర్పరచుకున్న అలవాటు. కొత్తగా వచ్చినవారికి తెలియకపోతే అవమానించకుండా చెప్పాలి. మొదటిసారి వచ్చిన కుర్రవాడిని నలుగురిలో కసిరితే అతడు రెండోసారి రాడు.

ఫోను విషయంలో మాత్రం నా దగ్గర మెత్తదనం లేదు. న్యూయార్క్ నగరం 2003లోనే ప్రదర్శనల మధ్య ఫోను వాడితే 50 డాలర్ల జరిమానా అని చట్టం చేసింది. అయినా 2015లో నటి ప్యాటీ లుపోన్ ఒక ప్రదర్శనలో ఆపకుండా సందేశాలు పంపుతున్న ప్రేక్షకురాలి చేతిలోంచి ఫోను తీసుకోవలసి వచ్చింది. చీకటి హాల్లో ఒక్క తెర వెలిగితే వెనక వరుసలన్నిటికీ ఆ వెలుగే కనిపిస్తుంది. దొంగచాటుగా చిత్రీకరించేవారు, వెళ్లలేని అభిమానుల కోసమే చేస్తున్నామంటారు. దూరాన ఉన్నవారి ఆశ నిజమైనదే. దానికి మార్గం అధికారిక చిత్రీకరణలు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 1970 నుంచి ప్రదర్శనలను చిత్రీకరించి భద్రపరుస్తోంది, కానీ వాటిని అక్కడికే వెళ్లి చూడాలి. ‘హామిల్టన్’ నాటకాన్ని 2016లో అసలు నటబృందంతో చిత్రీకరించి 2020లో విడుదల చేస్తే, థియేటర్‌కు ఎన్నడూ వెళ్లలేనివారు ఇళ్లలో కూర్చుని చూశారు. అలాంటివి ఇంకా కావాలని నిర్మాతలను అడుగుదాం.

ఎవరూ రాయని విషయం ఒకటుంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. ఈ రోజు ప్రధాన పాత్ర ప్రత్యామ్నాయ నటి పోషిస్తున్నారని ప్రకటించగానే హాలంతా నిట్టూరుస్తుంది. తెర వెనక నిలబడిన ఆ అమ్మాయికి అది వినిపిస్తుంది. న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలకు పేరైన బ్రాడ్‌వేలో సాధారణంగా వారానికి ఎనిమిది ప్రదర్శనలు. గొంతులు అలసిపోతాయి, కాళ్లు బెణుకుతాయి. బృందంలోని ఏ పాత్ర ఖాళీ అయినా అందుకోగలిగేలా ఒకే మనిషి పలు పాత్రల పాటలూ అడుగులూ నేర్చుకుని ఉంటుంది. ఒక్కోసారి కబురు ఆ రోజే అందుతుంది. 2021 డిసెంబరులో ‘ది మ్యూజిక్ మ్యాన్’ కథానాయిక అస్వస్థతతో రాలేకపోతే క్యాథీ వాయిట్కో అలాగే వేదికెక్కింది. చివరి వందనం వేళ ఆ నాటక కథానాయకుడు హ్యూ జాక్‌మన్ ఆమెను ముందుకు పిలిచి, బ్రాడ్‌వేకు పునాది ఇలాంటివారేనని చెప్పాడు. 1954లో ‘ది పజామా గేమ్’లో ఒక ముఖ్య నర్తకి గాయపడినప్పుడు బదులుగా ఆడిన షర్లీ మెక్‌లీన్‌ను ఒక నిర్మాత చూసి సినిమాల్లోకి తీసుకువెళ్లాడు. పేరున్న నటి కోసం డబ్బు పెట్టినవారి నిరాశ నాకు అర్థమవుతుంది. ఆ నిరాశను కాసేపు లోపల దాచుకుని, ఆమె అడుగుపెట్టగానే నాలుగు చప్పట్లు కొట్టమని వేడుకుంటున్నాను.

అందరినీ ఒకే గాటన కట్టి మందలించకూడదని కూడా చెప్పాలి. సంభాషణలు అక్షరాల్లో చదువుకోవడానికి వెలుగు తగ్గించిన పరికరం పట్టుకున్నవారు ఉంటారు. శరీరం మీద అదుపు లేక శబ్దం చేసేవారు ఉంటారు. ఆటిజం ఉన్నవారి కోసం 2011లో బ్రాడ్‌వేలో ‘ది లయన్ కింగ్’ ప్రత్యేక ప్రదర్శన ఇచ్చింది, శబ్దాన్నీ వెలుగునూ తగ్గించి, మధ్యలో లేచి తిరగనిచ్చింది. ఆ తరహా ప్రదర్శనలు పెరగాలి.

మీ పత్రికకు ఒక విన్నపం. సంగీత నాటకాల సమీక్షలు వేసేటప్పుడు, అందులో ప్రేక్షకులు పాడటానికి అనుమతి ఉందో లేదో, శబ్దం తగ్గించిన ప్రత్యేక ప్రదర్శన ఏ రోజున ఉందో ఒక్క వాక్యంలో రాయండి. సమీక్షకులు చూసిన రోజు ప్రత్యామ్నాయ నటులు ఆడితే వారి పేర్లు తప్పకుండా వేయండి.

ఇట్లు,
సంగీత నాటకాల అభిమాని అయిన ఒక పాఠకురాలు