బంతి కంటే ముందే చేరుకునేవాడు

బెంగళూరు,
ఆదివారం సాయంత్రం

ప్రియమైన శేఖర్‌కు,

నీ ఉత్తరం గురువారం అందింది. ఆఫీసు బస్సు సిల్క్ బోర్డు కూడలిలో ఆగి ఉన్నప్పుడు ఒకసారి, ఇంటికి వచ్చి భోజనం చేశాక ఇంకొకసారి చదివాను. నీ బడిలో ఎనిమిదో తరగతి చదువుతున్న ఆ అబ్బాయిని ఫుట్‌బాల్ ఎంపిక పోటీల నుంచి ‘పొట్టివాడు’ అన్న ఒక్క మాటతో వెనక్కి పంపేశారని రాశావు. అంతకంటే నన్ను పట్టుకున్నది ఆ పిల్లవాడు నిన్ను అడిగిన ప్రశ్న: “సార్, నేను గోల్స్ కొట్టను, గోల్స్ ఆపను, మరి నేను చేసేది ఏ పని?” వాడికి చదివి వినిపించడానికి ఒక మిడ్‌ఫీల్డర్, అంటే మైదానం నడిమి వరుసలో ఆడేవాడి గురించి రాయమన్నావు. నేను జిదాన్ గురించో మోద్రిచ్ గురించో రాస్తానని నువ్వు అనుకొని ఉంటావు. నేను మాత్రం ఫ్రాన్స్ ఆటగాడు ఎన్‌గోలో కాంటే గురించి రాస్తున్నాను. ఆ అబ్బాయి అడిగిన ప్రశ్నకు నాకు తెలిసినంతలో ఇతడి జీవితమే నేరుగా జవాబు చెబుతుంది.

కాంటే 1991 మార్చి 29న పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశం నుంచి వలస వచ్చినవారు. పెద్ద కుటుంబం, చిన్న సంపాదన. పదకొండేళ్ల వయసులో తండ్రిని పోగొట్టుకున్నాడు. పారిస్ శివారులోని సురెన్ అనే చిన్న క్లబ్‌లో ఎనిమిదేళ్ల ప్రాయంలో చేరి పంతొమ్మిదేళ్లు వచ్చేదాకా అక్కడే ఆడాడు. ఫ్రాన్స్‌లో పెద్ద క్లబ్‌ల అకాడమీలు పిల్లలను పన్నెండు, పదమూడేళ్లకే ఏరుకుంటాయి. పదిహేనేళ్లు దాటినా ఎవరూ పిలవకపోతే ఆ దారి మూసుకుపోయినట్లేనని ఇంట్లోవాళ్లూ, ఊరివాళ్లూ అనుకుంటారు. కాంటేను ఏ పెద్ద అకాడమీ తీసుకోలేదు. కారణం నీ శిష్యుడికి చెప్పిన కారణమే. ఇప్పటికీ అతడి ఎత్తు సుమారు అయిదున్నర అడుగులే. నారు పోసి నీరు పెట్టింది ఆ చిన్న క్లబ్ కాబట్టి నేను అతడి కథ చెప్పినప్పుడల్లా దాని పేరు తప్పకుండా చెబుతాను. పిల్లవాడు పొడుగు కాలేదని వాళ్లు అతడిని పక్కన కూర్చోబెట్టలేదు.

పంతొమ్మిదేళ్లకు అతడు ఉత్తర తీరంలోని బులోన్ అనే ఊరి క్లబ్‌కు వెళ్లాడు. అది కూడా నేరుగా పెద్ద జట్టులోకి కాదు. ఆ క్లబ్ రెండో జట్టు ఫ్రాన్స్‌లో ఆరో అంచె పోటీల్లో (మొదటి అంచె అన్నిటికంటే పైది) ఆడేది, అందులోకి తీసుకున్నారు. శిక్షణకు కాలితో తోసుకుంటూ వెళ్లే చిన్న స్కూటర్ మీద వెళ్లేవాడు. ఫుట్‌బాల్ అన్నం పెట్టకపోతే ఎలా అన్న ఆలోచనతో అకౌంటెన్సీ చదువు కూడా సాగించాడు. (ఈ ఒక్క వాక్యాన్ని ఆ అబ్బాయి తండ్రికి కూడా చదివి వినిపించు.) అసలు జట్టు తరఫున మొదటి మ్యాచ్ ఆడింది 2012 మే నెలలో, అంటే ఇరవై ఒక్క ఏళ్లకు. ఆ వెంటనే ఆ క్లబ్ మూడో అంచెకు పడిపోయింది. అది కూడా అతడికి కలిసి వచ్చిందనే నా అభిప్రాయం, ఎందుకంటే ఆ మరుసటి సంవత్సరమంతా దాదాపు ప్రతి మ్యాచ్‌లోనూ ఆడించారు. 2013లో రెండో అంచెలో ఉన్న కేన్ క్లబ్ తీసుకుంది, ఆ ఏడాదే ఆ జట్టు మొదటి అంచెకు ఎక్కింది. 2015 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని లెస్టర్ సిటీ అతడిని కొన్నప్పుడు వయసు ఇరవై నాలుగు. ఆ వయసుకు చాలామంది ఆటగాళ్ల పేర్లు అప్పటికే చొక్కాల వెనుక అచ్చై దుకాణాల్లో అమ్ముడవుతుంటాయి.

లెస్టర్ సంగతి నీకు కొంత తెలుసు. అంతకు ముందు సీజన్‌లో చాలాకాలం పట్టిక అట్టడుగున ఉండి, చివరి వారాల్లో బతికి బయటపడిన జట్టు అది. పందేలు కట్టించుకునేవాళ్లు ఆ జట్టు లీగ్ గెలిస్తే ఒకటికి 5000 ఇస్తామన్నారు. ఆ జట్టు 2016 మే 2న ఇంగ్లండ్ విజేత అయింది. రెండో స్థానంలోని జట్టు కంటే పది పాయింట్లు ఎక్కువగా, మొత్తం 81 పాయింట్లతో సీజన్ ముగించింది. పత్రికలు వార్డీ గోల్స్ గురించి, మహ్రెజ్ ఎడమ కాలి గురించి రాశాయి. రాయదగినవే. అయితే ఆ లీగ్ మొత్తంలో ప్రత్యర్థి కాళ్ల దగ్గర నుంచి బంతిని అందరికంటే ఎక్కువసార్లు గెలిచిందీ, దారిలో పాస్‌లను అందరికంటే ఎక్కువసార్లు అడ్డుకున్నదీ కాంటేనే. ఆ క్లబ్‌కు ఆటగాళ్లను ఏరి తెచ్చిన స్టీవ్ వాల్ష్ తమ మధ్య వరుసలో ముగ్గురు ఆడతారనీ, నడుమ డ్రింక్‌వాటర్, అతడికి అటొకడు ఇటొకడు కాంటే ఉంటారనీ చెప్పేవాడు.

ఆ తరువాత జరిగినదాన్ని ఆ అబ్బాయి ముందు బోర్డు మీద రాసి చూపించు. 2016 వేసవిలో కాంటే లండన్‌లోని చెల్సీ క్లబ్‌కు మారాడు. అతడు వదిలి వెళ్లిన లెస్టర్ ఒకటో స్థానం నుంచి పన్నెండో స్థానానికి దిగింది, మధ్యలోనే కోచ్ రనియేరి ఉద్యోగం కూడా పోయింది. అతడు చేరిన చెల్సీ అంతకు ముందు పదో స్థానంలో ఉండి, ఆ ఏడాది 93 పాయింట్లతో లీగ్ గెలిచింది. ఇదంతా ఒక్క మనిషి వల్లనే జరిగిందని నేను అనను. చెల్సీకి కాంటే అనే కొత్త కోచ్ కూడా వచ్చాడు (పేరు మన తెలుగులో ఒకేలా పలికినా అతడు ఇటలీవాడు, ఆంటోనియో కాంటే), జట్టు నిలబడే తీరునే మార్చేశాడు. ఆ ఏడాది వాళ్లకు యూరప్ పోటీల ప్రయాణ శ్రమ లేదు, లెస్టర్‌కు ఉంది. ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నా, రెండు వేర్వేరు క్లబ్‌లతో వరుసగా రెండేళ్లు ఇంగ్లండ్ లీగ్ గెలిచి, రెండో ఏడు తోటి ఆటగాళ్ల ఓట్లతో ఉత్తమ ఆటగాడిగా నిలిచిన మనిషి పని చిన్నది కాదు. ఆ సీజన్ లీగ్‌లో అతడు కొట్టింది ఒకే ఒక్క గోల్.

ఇక ఆ అబ్బాయి అడిగిన ప్రశ్న, ‘ఏ పని?’ అన్నది. మీ ఊరి చెరువుకు నీరుగంటి ఉండేవాడు, గుర్తుందా? వానాకాలం రాత్రుల్లో భుజాన పార వేసుకొని కట్ట పొడవునా తిరుగుతూ, ఎక్కడ నీరు ఊట వేస్తోందో కాలితోనే తెలుసుకొని, అక్కడ నాలుగు పారల మట్టి వేసి ముందుకు వెళ్లేవాడు. తెల్లవారి లేచిన ఊరికి చెరువు నిండుగా కనపడేదే తప్ప అతడు రాత్రి పూడ్చిన చోటు కనపడేది కాదు. గండి పడిన సంవత్సరం మాత్రం అందరికీ అతడి పేరు గుర్తుకు వచ్చేది. కాంటే పని అదే. బంతి ఎక్కడ కారిపోబోతోందో ముందే తెలుసుకొని అక్కడ ఉంటాడు. జారి పడి, మట్టి లేపి బంతిని లాక్కునే అలవాటు అతడికి తక్కువ. పడిపోయినవాడు మళ్లీ లేవాలి, ఆ రెండు క్షణాల్లో ఆట అతడిని దాటిపోతుంది. అతడు నిలబడే ఉంటాడు. ప్రత్యర్థి బంతిని అందుకోవడానికి కాలు చాపే సమయంలో అతడి బొటనవేలి చివర అప్పటికే బంతికి తగిలి ఉంటుంది. గెలిచిన బంతిని దాచుకోడు, దగ్గర ఉన్నవాడికి ఇచ్చేసి తిరిగి నడక మొదలుపెడతాడు.

దీన్ని నేను కళ్లారా గ్రహించినది 2021 మే 5 రాత్రి, మన లెక్క ప్రకారం అప్పటికి తేదీ మారి అర్ధరాత్రి పన్నెండున్నర అయింది. ఆ కోవిడ్ రోజుల బెంగళూరు ఎలా ఉండేదో నీకు ఫోన్‌లో చెప్పేవాణ్ణి. పక్క గదిలో మా బావమరిది జ్వరంతో ఉన్నాడు, గంటకొకసారి లేచి అతడి వేలికి ఆక్సిమీటర్ పెట్టి చూడాలి, వీధిలో అంబులెన్స్ మోత ఆగేది కాదు. నిద్రపోకుండా ఉండడం కోసం టీవీ శబ్దం పూర్తిగా తీసేసి యూరప్ క్లబ్‌ల పోటీ ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ పెట్టుకున్నాను. చెల్సీకి ఎదురుగా రియల్ మాడ్రిడ్, వాళ్ల నడిమి వరుసలో మోద్రిచ్, క్రూస్, కాసెమిరో. వ్యాఖ్యానం వినపడకపోవడం వల్లనో ఏమో, బంతిని వదిలి ఒక్క మనిషినే చూడడం మొదలుపెట్టాను. 28వ నిమిషంలో అతడు మధ్యలో బంతి తీసుకొని ముందుకు ఉరికి, వెర్నర్‌కు ఇచ్చి తిరిగి అందుకొని, హావర్ట్స్ దారిలోకి జార్చాడు. హావర్ట్స్ ఎత్తి వేసిన బంతి గోల్ అడ్డకర్రకు తగిలి పైకి లేచింది, కింద నిలుచున్న వెర్నర్ తలతో లోపలికి నెట్టాడు. గోల్ వెర్నర్ పేరిట నమోదైంది. 85వ నిమిషంలో మాడ్రిడ్ డిఫెండర్ నాచో దగ్గర నుంచి కాంటే బంతిని లాక్కొని పులిసిచ్‌కు అందించాడు, అక్కడి నుంచి అది మౌంట్‌కు చేరి రెండో గోల్ అయింది. రెండు గోల్స్ కూడా అతడి కాళ్ల దగ్గర మొదలైనవే, లెక్కల పుస్తకంలో మాత్రం రెండింటి పక్కనా అతడి పేరు లేదు. ఆ మ్యాచ్‌లోనూ, దానికి ముందు మాడ్రిడ్‌లో జరిగిన మ్యాచ్‌లోనూ, మే 29న పోర్తోలో మాంచెస్టర్ సిటీని 1-0తో ఓడించిన ఫైనల్‌లోనూ ఉత్తమ ఆటగాడి బహుమతి అతడికే ఇచ్చారు. చూడగలిగినవాళ్లు చూశారని నాకు ఎంతో తృప్తి కలిగింది. మా బావమరిది కూడా ఆ వారంలోనే కోలుకున్నాడు.

2018 ప్రపంచ కప్ గురించి రాయకుండా ఉండలేను. ఫ్రాన్స్ ఆడిన ఏడు మ్యాచ్‌లనూ కాంటే మొదటి నిమిషం నుంచి ఆడాడు. అర్జెంటీనాను 4-3తో ఓడించిన మ్యాచ్‌లో మెస్సీ వెంట నీడలా ఉన్నాడు. ఆ అబ్బాయికి అబద్ధం చెప్పకూడదు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను: జూలై 15న మాస్కోలో జరిగిన ఫైనల్ అతడు ఆడిన మంచి మ్యాచ్ కాదు. 27వ నిమిషంలో పసుపు కార్డు చూశాడు, 55వ నిమిషంలో కోచ్ దెషాం అతడిని బయటికి పిలిచి ఎన్జోంజీని దింపాడు. ఫ్రాన్స్ 4-2తో గెలిచింది. తరువాత సంబరాల్లో కప్పు చేతులు మారుతూ తిరుగుతుంటే, నాకూ ఒకసారి ఇవ్వండి అని అడగడానికి మొహమాటపడి పక్కన నిలబడ్డాడట, తోటివాళ్లే గమనించి అతడి చేతికి అందించారని ఆ జట్టువాళ్లే చెప్పారు. స్వదేశం చేరాక అతడు చిన్నవాడనీ, మంచివాడనీ, మెస్సీని మింగేశాడనీ అర్థం వచ్చేలా జట్టంతా పాట కట్టి, వేలమంది ముందు పాడారు. ఆ వీడియోలో అతడు తల వంచుకొని నవ్వుతూ ఉంటాడు. నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

ఆ సెప్టెంబరులోనే ఇంకొకటి జరిగింది. లండన్‌లో మ్యాచ్ ముగిసాక పారిస్ రైలు తప్పిపోయింది. దగ్గరలోని మసీదుకు నమాజుకు వెళ్లాడు. అక్కడ పరిచయమైన అభిమాని ఒకరు భోజనానికి రమ్మంటే కాదనకుండా వాళ్లింటికి వెళ్లి, కూర తిని, వాళ్లతో వీడియో గేమ్ ఆడి, ఆ రాత్రి టీవీలో ఆట విశేషాలు చూసి వచ్చాడు. అప్పటికి ప్రపంచ కప్ గెలిచి రెండు నెలలు. మన ఇళ్లలో బంధువు బస్సు తప్పిపోతే తిరిగి వచ్చి ఎలా కూర్చుంటాడో అలా కూర్చున్నాడన్నమాట.

మిగతాది తొందరగా చెబుతాను. చెల్సీకి కోచ్ సర్రి వచ్చిన ఏడాది అతడి చోటు జోర్జీనోకు ఇచ్చి, ఇతడిని కుడివైపు ముందుకు జరిపాడు. చాలామంది విమర్శించారు, నేనూ ఒప్పుకోలేదు, కాంటే మాత్రం ఒక్క మాట అనకుండా ఆడాడు. తరువాత గాయాలు పట్టుకున్నాయి. తొడ కండరానికి శస్త్రచికిత్స జరిగి 2022 ప్రపంచ కప్‌కు దూరమయ్యాడు. 2023లో సౌదీ అరేబియాలోని అల్ ఇత్తిహాద్‌కు వెళ్లినప్పుడు ఇక అంతేనని నేనూ అనుకున్నాను. రెండేళ్లుగా ఫ్రాన్స్ జట్టుకు దూరంగా ఉన్న అతడిని దెషాం 2024లో యూరప్ దేశాల యూరో పోటీలకు మళ్లీ పిలిచాడు. ముప్పై మూడేళ్ల వయసులో మొదటి మ్యాచ్‌లోనే, ఆస్ట్రియా మీద, ఉత్తమ ఆటగాడు అతడే. చివరి నిమిషాల్లో కూడా కుర్రాళ్ల కంటే ముందు బంతిని చేరుతుంటే నేను కుర్చీలో కూర్చోలేకపోయాను.

ఇక్కడ హలసూరు పక్కన గౌతమపుర అనే పేట ఉంది. ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే ఆ జనం వీధిలో పెలే విగ్రహం నిలబెట్టుకున్నారు. నువ్వు ఆ అబ్బాయిని తీసుకొని వచ్చినప్పుడు అక్కడికి వెళ్దాం. కంఠీరవ స్టేడియంలో బెంగళూరు ఎఫ్‌సీ మ్యాచ్ ఉన్న రోజు చూసుకొని రండి, పై వరుసల్లో టికెట్లు నేను తీసుకుంటాను. టీవీ కెమెరా బంతి వెంట తిరుగుతుంది కాబట్టి మిడ్‌ఫీల్డర్ పని సగం అందులో కనపడదు. పై నుంచి చూస్తే బంతి లేనప్పుడు అతడు ఎన్ని అడుగులు జరుగుతాడో, ఎన్నిసార్లు మెడ తిప్పి వెనక్కి చూస్తాడో పిల్లవాడే లెక్కపెట్టుకోవచ్చు. అందాకా ఆ మే 5 మ్యాచ్ వీడియో ఫోన్‌లో పంపుతున్నాను, శబ్దం తీసేసి చూపించు.

ఎంపిక పోటీకి వాడు తన అన్న బూట్లలో పాత గుడ్డలు కుక్కుకొని వెళ్లాడని రాశావు. వాడి రెండు పాదాలనూ తెల్ల కాగితం మీద నిలబెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీయించి, ఆ కాగితం ఫొటో తీసి పంపు. శనివారం శివాజీనగర్ వెళ్లే పని ఉంది.

చెల్లెమ్మకు నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
నీ
రవి