జిరాక్స్ షాపులో కలిసిన పెద్దాయనకు

కర్నూలు కలెక్టరేట్ దగ్గర జిరాక్స్ షాపులో ఆ రోజు నా పక్కన నిలబడ్డ పెద్దాయనా, మీ పేరు కూడా అడగలేదు, క్షమించండి. డిస్మిస్ ఆర్డర్ పట్టుకుని నా చేతులు వణుకుతుంటే, కళ్లజోడు పైకి నెట్టి రెండు పేజీలూ చదివి, "విచారణ లేకుండానే తీసేశారా నాయనా? మామూలుగా విచారణ జరపకుండా ప్రభుత్వ ఉద్యోగిని తీసెయ్యకూడదని రాజ్యాంగంలో ఆర్టికల్ 311 ఉంది కదా, ముందు సమాచార హక్కు కింద ఫైలు కాపీ అడుగు" అన్నారు. మీరే తెల్లకాగితం మీద అర్జీ రాసి, మీ జేబులోంచి 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు తీసి అంటించారు. పోలీస్ స్టేషన్‌లో డ్యూటీ చేస్తూ ఎన్ని అర్జీలు తీసుకున్నానో, నాకోసం ఒకటి రాసుకోవడం మాత్రం చేతకాలేదు!

ఆ ఫైలుతోనే కేసు గెలిచాను. ఆ కథంతా ఇప్పుడు పుస్తకంగా వేశాను. మొదటి కాపీ మీదే, అదే షాపులో ఇచ్చిపెట్టాను, అటుగా వస్తే తీసుకోండి సార్. కావాల్సిన మిగతావాళ్లూ అక్కడే అడగండి.