భూమిలో దాచిన గ్యాస్‌కు కాపలా ఎవరు?

భూగర్భ నిల్వలకు అనుమతులిచ్చే అధికారి గారికి,

నమస్కారం. కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలో కలవకుండా భూమిలో దాచడాన్ని నేను వ్యతిరేకించడం లేదు. నార్వే దగ్గర సముద్రం అడుగున, స్లైప్నర్‌లో 1996లోనే ఆ పని మొదలైంది. నా టెన్షనల్లా పాత బోర్ల గురించే. ఎప్పుడో చమురు కోసం తవ్వి, సిమెంటుతో మూసేసి మర్చిపోయినవి. ఈ గ్యాస్ నీళ్లలో కరిగితే ఆమ్లమవుతుంది. అది ఆ సిమెంటునూ లోపలి ఇనుప పైపునూ మెల్లగా తినేస్తుంది. పైనున్న రాతిపొర ఎంత గట్టిదైనా అలాంటి ఒక్క బోరు చాలు, గ్యాస్ పైకి రావడానికి. అనుమతికి ముందే ప్రతి పాత బోరునూ వెతికించి పరీక్ష చేయించండి.

గ్యాస్‌ను లోపలికి పంపేటప్పటి ఒత్తిడి సంగతి కూడా చూడండి. అల్జీరియాలోని ఇన్ సలాలో ఇలాగే ఈ గ్యాస్‌ను భూమిలోకి పంపుతుంటే పైన నేల మిల్లీమీటర్ల లెక్కన ఉబ్బింది. ఉపగ్రహాలు పసిగట్టాయి. 2011లో పంపడం ఆపేశారు. ఒత్తిడి ఎంతకు చేరితే ఆపాలో ముందే రాసి ఉండాలి, ఆ కొలతలు జనానికీ కనిపించాలి.

కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువైన వాయువు. రంగు లేదు, వాసన లేదు, పైకి వస్తే పల్లంలో పేరుకుని ఊపిరాడకుండా చేస్తుంది. అక్కడ నిద్రపోతున్న పసిబిడ్డకు ఏం తెలుస్తుంది?

కంపెనీ వెళ్లిపోయాక కాపలా ఎవరిది, ఖర్చు ఎవరిది? రాతపూర్వకంగా జవాబివ్వండి.

ఇట్లు,
ఒక పౌరురాలు