చదివి వినిపించకుండానే చట్టాలా?

సంపాదకులకు,

అయ్యా,

నేను దస్తావేజు లేఖరిని. క్రయపత్రాలు, దానపత్రాలు, భాగపరిష్కారాలు రాయడమే ఇన్నేళ్లుగా నా వృత్తి. ప్రతి దస్తావేజు చివరా మేము తప్పనిసరిగా రాసే మాట ఒకటుంది: ‘చదివి వినిపించగా విని, సమ్మతించి చేసిన సంతకం’. కొందరు దాన్ని అలవాటుగా రాసి వదిలేస్తారు కానీ, నేను మాత్రం రాసినదంతా పైకి చదవకుండా ఎవరి చేతా సంతకం పెట్టించలేదు. చట్టసభల్లో బిల్లులు ప్రవేశపెట్టే తీరు గురించి, వాటిని పరిశీలనకు కమిటీలకు పంపకుండానే ఆమోదించే అలవాటు గురించి ఈ లేఖ రాయడానికి కారణం ఆ ఒక్క వాక్యమే.

కొన్నేళ్ల కిందట ఇద్దరు అన్నదమ్ములు భాగాలు పంచుకోవడానికి వచ్చారు. పాత దస్తావేజు చూసి హద్దులు ఎత్తిరాసి, కాగితం సిద్ధం చేసి చదువుతున్నాను. ‘తూర్పు: పంట కాలువ’ అని చదవగానే, మూలన బల్ల మీద కూర్చున్న వాళ్ల అమ్మ, అక్షరం ముక్క రాని మనిషి, చెయ్యెత్తి ఆపింది. ‘కాలువ తూర్పున లేదు నాయనా, పడమర ఉంది. తూర్పున మా మరిది గారి పొలం’ అంది. పాత కాగితంలోనే తూర్పు పడమరలు తారుమారయ్యాయి. ఆమె చెప్పకపోతే ఆ తప్పు మళ్లీ రిజిస్టరయ్యేది. పదేళ్ల తరువాత సవరణ దస్తావేజు కావలసివస్తే అన్నదమ్ములిద్దరూ వచ్చి సంతకాలు పెట్టాలి, అప్పటికి వాళ్ల మధ్య మాటలు ఉంటాయో లేదో ఎవరికి తెలుసు? ఆ రోజు నాకు పట్టిన అదనపు సమయం పావుగంట.

ఎకరం పొలానికి ఉన్న ఈ పాటి జాగ్రత్త కోట్ల మంది బతుకులను కట్టివేసే చట్టానికి ఎందుకు ఉండకూడదన్నదే నా ప్రశ్న.

జాగ్రత్త కోసం మన రాజ్యాంగ వ్యవస్థలో చోటు లేక కాదు. మంత్రి బిల్లును సభలో ప్రవేశపెట్టడం తొలి దశ మాత్రమే. ఆ తరువాత దానిని ఆ శాఖకు సంబంధించిన స్థాయీ సంఘానికి (స్టాండింగ్ కమిటీకి) పంపవచ్చు, లేదా సభ తీర్మానించి ఆ ఒక్క బిల్లు కోసమే సెలెక్ట్ కమిటీని గాని, ఉభయసభల సంయుక్త సంఘాన్ని గాని వేయవచ్చు. పార్లమెంటులో శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993లో 17తో మొదలై, 2004లో 24 అయ్యాయి. ఒక్కోదానిలో 31 మంది: లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. మంత్రులకు వాటిలో సభ్యత్వం లేదు. అక్కడ పార్టీల విప్ (ఇలాగే ఓటు వేయాలన్న ఆదేశం) పనిచేయదు, తలుపులు మూసుకుని కూర్చుంటారు కాబట్టి కెమెరాల కోసం మాట్లాడవలసిన అవసరమూ ఉండదు. శాఖ కార్యదర్శిని పిలిచి ‘ఈ క్లాజు ఎందుకు పెట్టారు’ అని అడగవచ్చు, రైతు సంఘాన్నో కార్మిక సంఘాన్నో పిలిచి వినవచ్చు, ఒప్పుకోని సభ్యుడు తన అసమ్మతిని రాసి నివేదికకు జతచేయవచ్చు. ఇంత మంచి ఏర్పాటుకు ఉన్న లోపం ఒక్కటే. బిల్లును సంఘానికి పంపి తీరాలన్న నియమం లేదు. పంపితే పంపినట్టు, లేకుంటే లేదు.

ఆ వెసులుబాటు ఎంత పెరిగిందో లెక్కలు చెబుతున్నాయి. చట్టసభల పనితీరును పరిశీలించే పీఆర్ఎస్ సంస్థ లెక్కల ప్రకారం 15వ లోక్‌సభ కాలంలో నూటికి 71 బిల్లులు సంఘాల పరిశీలనకు వెళ్లగా, 17వ లోక్‌సభకు వచ్చేసరికి ఆ సంఖ్య 16కు పడిపోయింది. ఒక పార్టీని నిందించడానికి ఇది చెప్పడం లేదు. మన తెలుగువాళ్లకు అందరికన్నా బాగా గుర్తుండే ఉదాహరణ 15వ లోక్‌సభ చివరి రోజుల్లోదే. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లును 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో ప్రవేశపెట్టారు, 18న అక్కడ, 20న రాజ్యసభలో ఆమోదించారు. రాష్ట్ర విభజన కావాలా వద్దా అన్నది నా విషయం కాదు. తెలంగాణ ప్రజల ఆకాంక్ష దశాబ్దాల నాటిది, దాని న్యాయాన్ని నేను ప్రశ్నించడం లేదు. నా వృత్తి కళ్లతో చూస్తే మాత్రం అది ఒక పెద్ద భాగపరిష్కార దస్తావేజు. అన్నదమ్ములిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఆస్తులు, అప్పులు, నీళ్లు, సంస్థలు ఒక్కొక్క క్లాజుగా చదివి వినిపించవలసిన కాగితం అది. అలా జరగలేదు. ఆ చట్టం తొమ్మిదో, పదో షెడ్యూళ్లలోని సంస్థల పంపకం మీద పదేళ్లయినా పేచీలు తెగలేదు. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా ఇస్తామని నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ గారు రాజ్యసభలో నోటిమాటగా చెప్పారు, చట్టంలో ఆ ముక్క లేదు. కాగితం మీద లేని హామీ గతి ఏమవుతుందో మా బల్ల దగ్గరకు వచ్చిన ఎవరినడిగినా చెబుతారు. ఆ బిల్లు ఒక సంయుక్త సంఘం ముందుకు వెళ్లి ఉంటే ఆ హామీ క్లాజుగా మారేదో, లేదా ఇవ్వడం కుదరదని అప్పుడే తేలిపోయేదో. రెండింటిలో ఏది జరిగినా ఆ తరువాత ఇన్నేళ్ల రగడ ఉండేది కాదు.

సాగు చట్టాల సంగతి దేశమంతా చూసింది. 2020 జూన్‌లో ఆర్డినెన్సులు, సెప్టెంబరు 14న లోక్‌సభలో బిల్లులు, 20న రాజ్యసభలో గందరగోళం మధ్య వాటిలో రెండింటికి మూజువాణి ఓటుతో (లెక్కపెట్టకుండా నోటితో చెప్పించి) ఆమోదం. సెలెక్ట్ కమిటీకి పంపాలన్న ప్రతిపాదన కూడా ఆ మూజువాణిలోనే వీగిపోయింది. ఆ సంఘం ముందు కూర్చుని చెప్పవలసిన మాటలు రైతులు ఢిల్లీ సరిహద్దు రోడ్ల మీద ఏడాదికి పైగా చలిలో, వానలో కూర్చుని చెప్పారు. చివరకు 2021 నవంబరు 29న రద్దు బిల్లును కూడా రెండు సభలూ ఒకే రోజు, చర్చ లేకుండానే ఆమోదించాయి. చట్టం తేవడంలో వినలేదు సరే, తీసేసేటప్పుడైనా ఎందుకు తీస్తున్నామో సభలో చెప్పుకోలేదన్నది నన్ను ఈనాటికీ బాధపెడుతుంది.

‘సంఘాలకు పంపితే ఏళ్లు పడుతుంది’ అనేవారున్నారు. వ్యక్తిగత సమాచార రక్షణ బిల్లు విషయంలో అలాగే జరిగింది కూడా: 2019 డిసెంబరులో సంయుక్త సంఘానికి వెళ్లి రెండేళ్లకు బయటికొచ్చింది, 81 సవరణలు సూచించారు, ఆపై ప్రభుత్వం ఆ బిల్లునే వెనక్కి తీసుకుంది. కానీ అన్నీ అలా ఉండవు. దివాలా స్మృతి బిల్లును చూడండి. 2015 డిసెంబరు 21న ప్రవేశపెట్టారు, సంయుక్త సంఘం 2016 ఏప్రిల్ 28న నివేదిక ఇచ్చింది, మే నెలలో రెండు సభలూ ఆమోదించాయి. మొత్తం అయిదు నెలలు. ఆ అయిదు నెలల్లో జరిగిన ఒక మార్పును ఇక్కడ చెప్పాలి. కంపెనీ మూతపడి ఆస్తులు అమ్మినప్పుడు కార్మికులకు 12 నెలల బకాయిలను ముందు వరసలో చెల్లించాలని బిల్లులో ఉండగా, సంఘం దాన్ని 24 నెలలు చేయాలన్నది, చట్టంలో అలాగే చేరింది. ఒక అంకె తీసి ఇంకో అంకె వేయడం, అంతే. కానీ జీతాలు ఆగిపోయి రెండేళ్లుగా గేటు ముందు తిరుగుతున్న కార్మికుడికి ఆ అంకెలో ఏడాది కూలి ఉంది. మొన్నటి 2025 ఆదాయపు పన్ను బిల్లులోనూ ఇలాంటిదే జరిగింది. గడువు దాటాక రిటర్ను వేసినవారికి రిఫండు అడిగే హక్కు పోయే నిబంధన ఒకటి మొదటి బిల్లులో ఉంటే, సెలెక్ట్ కమిటీ దాన్ని పట్టుకుని తీసివేయమంది, కొత్త బిల్లులో అది తీసివేశారు. ఆ నిబంధన రాసిన అధికారులు చెడ్డవారని నేను అనను. రాసినవాడి కంటికి తన రాతలో తప్పు కనపడదు. నాకూ కనపడలేదు, ఆ తల్లి చెబితే తప్ప.

ఇప్పుడు మన రెండు రాష్ట్రాల సంగతి. 17వ లోక్‌సభ కాలంలో పార్లమెంటులో పదహారు శాతమైనా కమిటీలకు వెళ్లాయి, మన శాసనసభల్లో బిల్లు సెలెక్ట్ కమిటీకి వెళ్లడం అరుదు. నియమావళిలో వీలు లేక కాదు. ప్రవేశపెట్టిన రోజునో మరునాడో, పది బిల్లులుంటే పదీ కలిపి ఆమోదించడం మామూలైపోయింది. తెలంగాణలో భూమి హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల బిల్లు 2020 సెప్టెంబరు 9న సభ ముందుకు వచ్చి, 14కల్లా మండలి ఆమోదం కూడా పొందింది. గ్రామ రెవెన్యూ వ్యవస్థ మొత్తాన్ని మార్చేసే చట్టానికి దక్కినది ఆ కొద్ది రోజులే. అయిదేళ్లు తిరక్కుండానే దాని స్థానంలో ఇంకో చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో భూ యాజమాన్య హక్కు చట్టాన్ని తెచ్చిన సభ ఒకటైతే, 2024లో రద్దు చేసిన సభ ఇంకొకటి. ఆ రెండు చట్టాలూ మా వృత్తి మీద నేరుగా పడ్డవే కనుక చెబుతున్నాను: పాసుపుస్తకంలో పేరు తప్పు పడితే ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఎన్ని రోజుల్లో సరిదిద్దుతారు అని రైతులు మమ్మల్ని అడిగిన ప్రశ్నలు బిల్లు దశలో ఒక్క కమిటీ అయినా తహసీల్దారునూ రైతునూ ఎదురుగా కూర్చోబెట్టి అడిగి ఉండవలసిన ప్రశ్నలు.

సెలెక్ట్ కమిటీ అన్న మాట మన ఇళ్లలో ఒకే ఒక్కసారి మార్మోగింది. 2020 జనవరి 20న ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన రాజధాని బిల్లులను, 22న శాసనమండలి అధ్యక్షుడు తన విచక్షణాధికారంతో సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. 27న మండలినే రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది. ఆ కమిటీ ఏర్పడనే లేదు. బిల్లులు ఆ ఏడాది జులైలో చట్టాలై, మరుసటి ఏడాది నవంబరులో ఉపసంహరణకు గురయ్యాయి. అధ్యక్షుడి నిర్ణయం సరైనదా కాదా అన్న వాదన ఆనాడే చాలా జరిగింది. నాకు మిగిలిన దిగులు ఏమిటంటే, కమిటీకి పంపడం అంటే బిల్లును అడ్డుకోవడమేనన్న అభిప్రాయం అప్పటి నుంచి అన్ని పార్టీల్లోనూ పాతుకుపోయింది. అదొక రాజకీయ ఎత్తుగడ అయిపోయింది తప్ప బిల్లును బాగుచేసే పనిగా ఎవరూ చూడటం లేదు.

కేరళలో అలా కాదు. అక్కడ 1980 నుంచే విషయవారీ కమిటీలున్నాయి. ప్రవేశపెట్టిన బిల్లు సాధారణంగా ఆ కమిటీకి వెళ్లాకే క్లాజులవారీ చర్చకు వస్తుంది. ఆ శాఖ మంత్రే కమిటీకి అధ్యక్షుడు కావడం నాకు నచ్చని విషయం, తన బిల్లు మీద తానే తీర్పరిగా ఎవరూ ఉండకూడదు. అయినా అసలు లేకపోవడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

మన సభలు కూడా ఒక నియమం చేసుకోవాలి. ద్రవ్య బిల్లులు (పన్నులు, ప్రభుత్వ ఖర్చులకు సంబంధించినవి), నిజంగా అత్యవసరమైనవి తప్ప ప్రతి బిల్లూ ప్రవేశపెట్టిన వెంటనే కమిటీకి వెళ్లాలి. నివేదికకు నెలో రెండు నెలలో గడువు పెట్టవచ్చు. పంపకూడదనుకుంటే ఎందుకు పంపడం లేదో మంత్రి సభలో లేచి చెప్పి, ఆ కారణం రికార్డుల్లోకి ఎక్కించాలి. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం బిల్లుల అధికారిక పాఠం ఇంగ్లిషులో ఉంటుంది కనుక, కమిటీకి వెళ్లిన రోజునే తెలుగు పాఠం కూడా ప్రజల చేతికి రావాలి. ఆ తల్లికి నేను చదివి వినిపించింది తెలుగులో కాబట్టే తప్పు దొరికింది. ముసాయిదా బిల్లులను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని కేంద్రం 2014లో ఒక విధానం ప్రకటించుకున్నది. దాన్ని కేంద్రమే చాలాసార్లు పక్కన పెట్టింది, అయినా మన రాష్ట్రాలు దాన్ని చట్టంగానే చేసుకోవడానికి అడ్డేమీ లేదు.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. సభలో ఎవరు ఎవరిని ఏమన్నారో మీరు పేజీలకు పేజీలు వేస్తారు, మేమూ చదువుతాం. ఏ బిల్లు ప్రవేశపెట్టారు, అది ఏ కమిటీకి వెళ్లింది, సూచనలు పంపడానికి ఆఖరు తేదీ ఏది, ఏ చిరునామాకు పంపాలి అన్న వివరాలు సమావేశాలు జరిగే రోజుల్లో ఒక మూల నాలుగు వరసల్లో వేయండి. కమిటీకి వెళ్లకపోతే ‘వెళ్లలేదు’ అని వేయండి. ఆ కాగితాన్ని కత్తిరించి మా బల్ల దగ్గర గోడకు అంటించి, వచ్చినవారందరికీ చదివి వినిపించే బాధ్యత నాది.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఒక దస్తావేజు లేఖరి