‘లీగల్ అయిపోయింది’ అంటే ఎవరికి అయింది?

సంపాదకులకు నమస్కారం.

విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల చుట్టుపక్కల ఇల్లు, ఫ్లాటు, స్థలం ఏది చూడ్డానికి వెళ్లినా మధ్యవర్తి నోట ముందుగా వచ్చే మాట, ‘బ్యాంకు లీగల్ అయిపోయిందండీ, ఇక మీరు చూసుకోనక్కర్లేదు’. ఆ ఒక్క మాట మీద లక్షలు అడ్వాన్సుగా వెళ్లిపోతున్నాయి. ఆ లీగల్, అంటే దస్తావేజుల్లో హక్కు సరిగా ఉందా అన్న పరిశీలన, ఎవరు చేశారు, ఎవరి కోసం చేశారు, ఏ తేదీ వరకు చూశారు అని అడిగేవారు తక్కువ. దస్తావేజుల పరిశీలనే రోజువారీ పనిగా ఉన్నవాళ్లం కనుక కొనేవారి కోసం ఇది రాస్తున్నాం.

ప్యానల్ న్యాయవాది అంటే బ్యాంకు తన జాబితాలో చేర్చుకున్న వకీలు. గృహరుణం అడిగినప్పుడు బ్రాంచివారు కాగితాలను ఆయనకు పంపుతారు. ఫీజు మన ఖాతాలోంచి పోతుంది, నివేదిక బ్యాంకు పేరున వెళుతుంది. రుణం రాకపోయినా ఆ ఫీజు సాధారణంగా వెనక్కి రాదు. ఆయన తేల్చేది ముఖ్యంగా ఒక సంగతి: రేపు వాయిదాలు ఆగిపోతే ఈ ఆస్తిని తనఖా కింద పట్టుకుని బ్యాంకు అమ్ముకోగలదా? మనకు కావలసినవి ఇంకా చాలా ఉంటాయి. ఇంటికి వెళ్లే దారి దస్తావేజులో ఉందా, లోపల ఎవరైనా అద్దెకు ఉండి ఖాళీ చేయబోమంటున్నారా, కాగితం మీది 200 గజాలు నేల మీద కూడా 200 ఉన్నాయా? సెంటుకు 48.4 గజాలు కనుక 4 సెంట్లని రాసిన స్థలం 194 గజాలకు కాస్త తక్కువే. దాన్ని 200 అని అమ్మితే ఆ 6 గజాల బాధ బ్యాంకుది కాదు.

ఇంకో చిక్కు ఉంది. ప్యానల్ న్యాయవాది చాలాసార్లు స్థలం దగ్గరకు వెళ్లరు, ఆయన చూసేది కాగితం. విలువ కట్టే ఇంజనీరు స్థలానికి వెళతారు, అమ్మేవారు చూపించిన దాన్ని కొలుస్తారు. ఈ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం అరుదు. కాగితాలు 42వ నంబరు ప్లాటువి, కొలిచింది పక్కనున్న 43 అయినా రెండు నివేదికలూ బాగానే ఉంటాయి. అందుకే దస్తావేజులోని నాలుగు హద్దులను చేతిలో పట్టుకుని, వాల్యూయరు వచ్చిన రోజు కొనేవారు అక్కడ నిలబడాలి.

అడ్వాన్సు ఇచ్చాక బ్యాంకుకు వెళ్లడం మన దగ్గర అలవాటు. అది తిరగబడాలి. ముందు రుణం తీసుకునే బ్రాంచికి వెళ్లి, ఈ పట్టణానికి మీ ప్యానల్‌లో ఉన్న న్యాయవాదులు ఎవరని అడగండి. ఫైలు ఎవరికి పంపాలన్నది బ్యాంకు ఇష్టమే, దాన్ని మనం నిర్ణయించలేం. కానీ ఆ జాబితాలోని ఒకరి దగ్గరకు సొంతంగా, సొంత ఫీజుతో వెళ్లి ముందే చూపించుకోవచ్చు. ఆ బ్యాంకు ఏ కాగితం లేకపోతే ఆపుతుందో ఆయనకు తెలుసు. ఇలా చూపించుకున్న సంగతి బ్రాంచికి చెప్పాలి; అదే ఫైలు మళ్లీ ఆయన బల్ల మీదకే వస్తే, రెండో కన్ను పడినట్టు కాదు. అమ్మేవారు గానీ బిల్డరు గానీ ‘మా లాయరుగారే బ్యాంకు ప్యానల్ కూడా’ అని పంపిస్తే మర్యాదగా వద్దనాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చునే దస్తావేజు లేఖరిని వకీలు అనుకోవడం ఇంకొక పొరపాటు. ఆయన రాత పనిలో నిపుణుడు, హక్కు తేల్చడం వేరే పని.

మంచి న్యాయవాదిని గుర్తుపట్టడం ఎలా అంటే, ఆయన ఏమేం అడుగుతున్నారో చూడండి. ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు) మాత్రమే తెమ్మంటే సగం పనే. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ 1983 నుంచే దొరుకుతుంది, అంతకుముందు కాలానికి ఆఫీసులో పుస్తకాలు వెతికించాలి. ఊరు ఒక సబ్ రిజిస్ట్రార్ పరిధి నుంచి మరొకదానికి మారి ఉంటే, మారక ముందు సంవత్సరాలకు పాత ఆఫీసులో చూడాలి. విజయనగరం జిల్లా పుట్టిందే 1979 జూన్ 1న. అంతకుముందు దస్తావేజుల్లో బొబ్బిలి, సాలూరు శ్రీకాకుళం జిల్లాలో, గజపతినగరం, శృంగవరపుకోట విశాఖ జిల్లాలో కనిపిస్తాయి. రాజాం 2022లో శ్రీకాకుళం జిల్లా నుంచి ఇటు వచ్చింది. ఇవి తప్పులు కావు. కానీ ఊరిపేరు అక్షరం తేడాతో, సర్వే నంబరు సబ్ డివిజన్ లేకుండా వెతికితే ఈసీలో ‘లావాదేవీలు లేవు’ అని వస్తుంది. లేకపోవడం వేరు, దొరకకపోవడం వేరు.

రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నంబరు బదులు ల్యాండ్ పార్సెల్ నంబరు వచ్చింది, వాడుకలో ఎల్‌పీ నంబరు. లేఅవుట్ అనుమతికి ఇచ్చేదాన్ని కూడా ఎల్‌పీ నంబరనే అంటారు! మధ్యవర్తి ‘ఎల్‌పీ నంబరు ఉందండీ’ అంటే ఏ ఎల్‌పీ అని అడగాలి. ఈసీ పాత నంబరు మీదా, కొత్త నంబరు మీదా రెండూ తీయించాలి.

మన రెండు జిల్లాల్లో అన్నిటికంటే ముఖ్యమైన కాగితాన్ని చాలామంది అడగరు. ఇక్కడి గ్రామాల్లో చాలావరకు ఒకప్పటి ఎస్టేటు గ్రామాలు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే, సెటిల్‌మెంటు జరిగి తయారైన రికార్డు సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, ఎస్‌ఎఫ్‌ఏ అంటాం. అందులో ఆ నంబరుకు ఎదురుగా పట్టాదారు పేరు ఉందా, లేక గెడ్డ (వాగు), బంద (చిన్న చెరువు), చెరువు, గయాలు (వదిలేసిన భూమి), అనాధీనం (ఎవరి ఆధీనంలోనూ లేని ప్రభుత్వ భూమి) అని ఉందా చూడాలి. 30 ఏళ్ల ఈసీ శుభ్రంగా ఉండొచ్చు. 40 ఏళ్ల కిందట ఎవరో బందలో మొదటి దస్తావేజు రాసుకుని ఉంటే, తర్వాతివన్నీ వరసగా, ముచ్చటగానే ఉంటాయి. మీ భూమి వెబ్‌సైట్‌లోని అడంగల్ (సాగు రికార్డు), 1-బీ (పట్టాదారు ఖాతా రికార్డు) ఇప్పటి సంగతి చెబుతాయి, మొదలు చెప్పవు. దానితోపాటు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితా చూడాలి. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, సీలింగు మిగులు భూములు అందులో ఉంటాయి. ఆ జాబితా మారుతూ ఉంటుంది కనుక అడ్వాన్సు రోజున ఒకసారి, రిజిస్ట్రేషన్‌కు ముందు మరోసారి చూడాలి. డీ-పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి అయితే 1977 అసైన్డ్ భూముల చట్టం అడ్డొస్తుంది. ఆంక్ష తొలగించారని ఎవరైనా అంటే ఉత్తర్వు చూపమనండి.

ఎక్కువ ఫైళ్లు ఆగేది మాత్రం కుటుంబ సంతకాల దగ్గర. తండ్రి పోయాక అన్నదమ్ములు పంచుకుని అమ్మేస్తారు, అక్కచెల్లెళ్ల సంతకాలు ఉండవు. హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్ర సవరణ ప్రకారం 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణతో కూతుళ్లందరికీ వచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాల జోలికి ఆ సవరణ వెళ్లదు, కనుక పంపక పత్రం తేదీ కీలకం. ఇంకొకటి తరచూ జారిపోతుంది: కొడుకు వీలునామా రాయకుండా చనిపోతే భార్య, పిల్లలతోపాటు తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఆ ముసలమ్మ పేరు లేకపోతే ఆగి అడగాలి. మైనర్ పేరున ఉన్న స్థలాన్ని కోర్టు అనుమతి లేకుండా సంరక్షకుడు అమ్మితే, ఆ పిల్లవాడు మేజరయ్యాక 3 ఏళ్లలోపు రద్దుకు దావా వేయవచ్చు. జీపీఏ, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీతోనే హక్కు మారిపోదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. జీపీఏ ఇచ్చిన మనిషి బతికే ఉన్నారా అన్నది కూడా చూడాలి.

పాత లీగల్ నివేదిక చూపిస్తే చివరి పేజీ చదవండి. ‘ఫలానా ఫలానా పత్రాలు సమర్పించిన మీదట టైటిల్ సరిపోతుంది’ అని షరతులు ఉండేది అక్కడే. మధ్యవర్తులు మొదటి పేజీల జిరాక్సులే ఇస్తారు. ఒక లేఅవుట్‌లో ఒక ప్లాటుకు రుణం వచ్చిందంటే ఇంకో ప్లాటుకు సరిపోయిందని కాదు. అభివృద్ధి పనులు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు అనుమతి ఇచ్చిన సంస్థకు తనఖాలో ఉంటాయి, ఆ నంబర్లు అడిగి తెలుసుకోవాలి. లింకు డాక్యుమెంటు ‘పోయింది’ అంటే సర్టిఫైడ్ కాపీతో బ్యాంకు సులువుగా ఒప్పుకోదు. ఒరిజినల్ మరో చోట కుదువలో ఉందేమోనన్న అనుమానం న్యాయమైనదే. బ్యాంకు దగ్గర దస్తావేజులు ఉంచి పెట్టిన తనఖా రిజిస్టరు కాకపోతే ఈసీకి ఎక్కదు. అందుకని సెర్సాయ్ (బ్యాంకుల తనఖాలు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ) రిజిస్టరులో కూడా వెతికించాలి, రుసుము స్వల్పమే.

అమ్మేవారికి అప్పటికే రుణం ఉంటే వారి బ్యాంకు నుంచి బాకీ ఎంతో చెప్పే లేఖ, అక్కడ ఉన్న ఒరిజినళ్ల జాబితా రెండూ రాతపూర్వకంగా తీసుకోవాలి. డబ్బు అమ్మేవారి చేతికి కాకుండా ఆ రుణ ఖాతాకే చెల్లేలా చూసుకోవాలి. బాకీ పూర్తిగా తీరాక 30 రోజుల్లో ఒరిజినళ్లు ఇవ్వాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని 2023 డిసెంబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. తనఖా రిజిస్టరై ఉంటే దాని రద్దు కూడా రిజిస్టరై, ఈసీలో కనిపించాలి.

ఇవన్నీ అయ్యాకే బయానా. ఒప్పందంలో ఒక వాక్యం తప్పకుండా రాయించండి: ‘బ్యాంకు న్యాయవాది గానీ, కొనుగోలుదారు న్యాయవాది గానీ హక్కులో లోపం చూపితే, అడ్వాన్సు మొత్తం 15 రోజుల్లో తిరిగి ఇవ్వవలెను’. గడువును ఇరుపక్షాలూ ఒప్పుకున్నంత పెట్టుకోవచ్చు. ఈ వాక్యానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కాగితాలు మళ్లీ ఒకసారి చూడాల్సిందే.

బ్యాంకులకు మా విన్నపం రెండు మాటలే. ఏ బ్రాంచిలో ఏ న్యాయవాదులు ప్యానల్‌లో ఉన్నారో నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టండి. ఫీజు కట్టిన ఖాతాదారుకు ఆ లీగల్ ఒపీనియన్ ప్రతి ఒకటి, చివరి పేజీతో సహా, అడగకుండానే ఇవ్వండి.

— కొందరు న్యాయవాదులు, విజయనగరం