ఎన్నికల అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

జాతీయ ఎన్నికలు అయిన ప్రతిసారీ ఒకటే మాట: నగరం నడిబొడ్డున జనం ఓటేయరని. బద్ధకస్తులు ఉన్నారు, కాదనను. కానీ మా అపార్ట్‌మెంట్ ఓటర్ల జాబితా ఒకసారి చూడండి. ఎప్పుడో ఖాళీ చేసిన అద్దెవాళ్లు అందులో ఉన్నారు, నిరుడు దిగినవాళ్లు లేరు. మూడో అంతస్తు పెద్దాయన పోయి రెండేళ్లయినా ఆయన ఇంకా ఓటరే! ఇలాంటి పేర్లన్నీ లెక్కలో ఉంటే పోలింగ్ శాతం పడిపోదా?

ఇక ‘ఫలానా పార్టీ కంచుకోట’ అనే మాట. అదీ ఎల్లకాలం నిలవదు. లండన్ నడిమధ్య ‘సిటీస్ ఆఫ్ లండన్ అండ్ వెస్ట్‌మినిస్టర్’ నియోజకవర్గం 1950 నుంచి కన్సర్వేటివ్ పార్టీదిగానే ఉండేది. అలాంటిచోట 2024లో లేబర్ పార్టీ గెలిచింది.

ముందు ఇంటింటికీ తిరిగి జాబితా సరిచేయించండి. శాతాల సంగతి తర్వాత మాట్లాడదాం.

ఇట్లు,
ఒక అద్దె ఓటరు